మ్యాప్ మీద ఒక్క పేరు, దాని వెనక ఒక రాజవంశం: మొదటి థ్రాయిన్ ఎవరు?

జె.ఆర్.ఆర్. టోల్కీన్ రాసిన ఇంగ్లీషు ఫాంటసీ నవల హాబిట్ అట్ట తిప్పగానే కథ కంటే ముందు ఒక మ్యాప్ కనిపిస్తుంది. ఒంటరిగా నిలబడిన కొండ, డ్రాగన్ బొమ్మ, రూనిక్ అనే పాత లిపి అక్షరాల వైపు వేలు చూపిస్తున్న చెయ్యి, వీటి మధ్య ఒక చిన్న వాక్యం. పూర్వం ఇక్కడ థ్రాయిన్ కొండ కింది రాజుగా ఉండేవాడని దాని సారాంశం. చాలామంది అది చదివి పేజీ తిప్పేస్తారు. కానీ కథలోకి వెళ్ళాక మళ్ళీ వెనక్కొచ్చి ఆ వాక్యం చూసినవాళ్ళకి ఒక చిక్కు ఎదురవుతుంది, ఎందుకంటే కథలో థ్రాయిన్ అంటే, డ్రాగన్ నుంచి ఆ కొండని తిరిగి దక్కించుకోడానికి బయల్దేరిన మరుగుజ్జుల నాయకుడు థోరిన్ తండ్రి, ఆ తండ్రి ఆ కొండలో ఒక్కరోజు కూడా రాజుగా లేడు.

సినిమాలు చూసి, ఆ తర్వాత పుస్తకం పట్టుకుంటున్న పిల్లలు ఇప్పుడు బెజవాడలో, గుంటూరులో బాగానే ఉన్నారు. ఏటా కొత్త సంవత్సరం మొదట్లో జరిగే మన పుస్తక మహోత్సవంలో ఇంగ్లీషు ఫాంటసీ పుస్తకాల దగ్గర కాసేపు నిలబడితే తెలుస్తుంది. మా అక్క కొడుకు ఇంటర్ సెలవుల్లో ఈ పుస్తకం చదివి "మావయ్యా, మ్యాప్ తప్పా, కథ తప్పా?" అని అడిగాడు. చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు పట్టుకుంటూ వెళ్తే పెద్దగా ఎవరూ పట్టించుకోని ఒక రాజు దొరుకుతాడు, ఆయన నుంచి మొత్తం వంశం బయటపడుతుంది.

మరుగుజ్జులు, డూరిన్ వంశం, రెండు వేరువేరు పదవులు

జె.ఆర్.ఆర్. టోల్కీన్ సృష్టించిన లోకంలో మరుగుజ్జులంటే పొట్టిగా పుట్టిన మనుషులు కాదు, మనుషులూ ఎల్ఫ్‌లూ ఎలాగో వీళ్ళూ అలాగే విడిగా ఒక జాతి. రాయి తొలవడం, లోహం కరిగించడం, రత్నాలు చెక్కడం వాళ్ళ బతుకు. సుమారు 250 ఏళ్ళు జీవిస్తారు. మొత్తం జనంలో ఆడవాళ్ళు మూడో వంతుకి మించి ఉండరు, ఉన్నవాళ్ళలోనూ అందరూ పెళ్ళి చేసుకోరు, మగవాళ్ళలో చాలామంది పనిలో మునిగిపోయి పెళ్ళి జోలికే పోరు. అందుకే తరానికీ తరానికీ మధ్య దూరం చాలా ఎక్కువ. ఈ ఒక్క సంగతి గుర్తుంటే కింద వచ్చే తారీఖులు చూసి కంగారు పడక్కర్లేదు.

ఈ జాతికి ఏడుగురు మూలపురుషులు, వాళ్ళలో పెద్దవాడు డూరిన్. ఆయన సంతానాన్నీ, ఆయన రాజకుటుంబాన్ని అనుసరించిన జనాన్నీ కలిపి డూరిన్ ప్రజలంటారు. వాళ్ళ మహానగరం కొండల కింద తొలిచిన ఖజాద్-దూమ్, తర్వాతి కాలంలో దాన్నే మోరియా అన్నారు.

ఇక చాలామంది కలిపేసే రెండు పదవులు. మొదటిది డూరిన్ ప్రజల రాజు. ఇది మనిషిని పట్టుకుని ఉండే హోదా, రాజు ఎక్కడికి వలస పోతే అక్కడికి పోతుంది. రెండోది కొండ కింది రాజు. ఇది చోటుని పట్టుకుని ఉండేది, ఎరెబోర్ అనే ఆ ఒంటి కొండలో కూర్చుని పాలించేవాడికే వర్తిస్తుంది. ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు, మొదటిది ఉండి రెండోది లేకపోనూ వచ్చు. ఇంటర్నెట్‌లో తిరిగే రాజుల పట్టికల్లో తేడాలు చాలావరకు ఈ రెండింటినీ ఒకటనుకోవడం వల్ల వచ్చినవే.

తారీఖుల గురించి ఒక మాట. ఈ కథలో సంవత్సరాలు టోల్కీన్ లోకపు చరిత్రలో మూడో యుగానివి. మొదటి థ్రాయిన్ ఎరెబోర్ చేరింది 1999లో అంటే అది మనం చూసిన 1999 కాదు. గందరగోళం లేకుండా కథలోని సంవత్సరాల ముందు మూ.యు. అని పెడుతున్నాను, పుస్తకాలు అచ్చయిన మన సంవత్సరాలకి ఏమీ పెట్టను.

మ్యాప్ ఒకటి చెప్తుంది, కథ ఇంకొకటి చెప్తుంది

హాబిట్ మొదటిసారి 1937 సెప్టెంబర్ 21న వచ్చింది. అందులో థోరిన్ తాత పేరు థ్రోర్, తండ్రి పేరు థ్రాయిన్. మ్యాప్ గీసింది తాత థ్రోర్. స్మౌగ్ అనే డ్రాగన్ వచ్చి కొండని ఆక్రమించినప్పుడు రాజు కూడా థ్రోరే. మ్యాప్‌లో డ్రాగన్ సంగతి ఉంది కాబట్టి అది రాజ్యం పోయాక గీసినదే. అలాంటప్పుడు థ్రోర్ "పూర్వం ఇక్కడ థ్రాయిన్ రాజుగా ఉండేవాడు" అని తన సొంత కొడుకు గురించి ఎందుకు రాస్తాడు? కొడుకు అప్పటికి రాజే కాలేదు. "పూర్వం" అన్న మాట అసలే కుదరదు.

ఇది ఎలా జరిగిందో అర్థం చేసుకోవడం కష్టమేమీ కాదు. టోల్కీన్ ఈ మరుగుజ్జుల పేర్లు చాలావరకు వోలుస్పా అనే పాత నార్స్ పద్యం నుంచి తీసుకున్నాడు. అందులో మరుగుజ్జుల పేర్లు వరసగా చెప్పే భాగం ఉంది, థ్రాయిన్, థోరిన్, థ్రోర్ మూడూ అందులో దగ్గరదగ్గరే వస్తాయి. వినడానికి కూడా ఒకలాగే ఉంటాయి. రాసే దశలో తాతెవరు, తండ్రెవరు అన్నది చిత్తుప్రతుల్లో అటూ ఇటూ మారింది. చివరికి కథలో వరస స్థిరపడింది, మ్యాప్ మీది పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

1951, 1955, 1966: ఒక రాజు మూడు విడతల్లో పుట్టాడు

టోల్కీన్ ముందు చాలా తేలికైన దారి ఒకటుంది. మ్యాప్ మీద థ్రాయిన్ తీసేసి థ్రోర్ అని రాస్తే చాలు, ఎవరూ అడగరు. ఆయన ఆ పని చెయ్యలేదు. 1951లో వచ్చిన రెండో ఎడిషన్ ముందుమాటలో ఒక చిన్న గమనిక చేర్చాడు. మ్యాప్‌లో తప్పేమీ లేదు, రాజవంశాల్లో పేర్లు మళ్ళీమళ్ళీ రావడం మామూలే, అక్కడ ఉన్నది థ్రోర్‌కి దూరపు పూర్వీకుడైన మొదటి థ్రాయిన్, ఆయన మోరియా నుంచి పారిపోయి వచ్చి ఈ కొండని మొదట కనుక్కున్నవాడు, కొంతకాలం పాలించాక ఆ ప్రజలు ఇంకా ఉత్తరానికి తరలిపోయారు. గమనిక సారాంశం ఇంతే. అచ్చులో మొదటి థ్రాయిన్ అనే రాజు ఇక్కడ పుట్టాడు.

1955లో లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మూడో సంపుటం వచ్చింది, దాని చివర అనుబంధాల్లో డూరిన్ వంశవృక్షం ఉంది. ముందుమాటలో నాలుగు వాక్యాల్లో చెప్పిన రాజుకి ఇప్పుడు పుట్టిన సంవత్సరం, తండ్రి, తాత, కొడుకు, చనిపోయిన సంవత్సరం అన్నీ వచ్చాయి. ఆ తర్వాత 1966 ఎడిషన్‌లో హాబిట్ కథలోనే ఒక మాట మార్చారు, ఈ కొండని మా దూరపు పూర్వీకుడు పాతకాలం థ్రాయిన్ కనుక్కున్నాడని థోరిన్ నోటితోనే చెప్పించారు. ఇక విడిగా గమనిక అవసరం లేకపోయింది.

పేరు ఒకటే అయినప్పుడు ఎవరు ఎవరో తేల్చడం చరిత్రకారులు రోజూ చేసే పనే. గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు వెళ్తుంటే కుడి పక్కన కొండవీటి కొండలు కనిపిస్తాయి కదా, అక్కడ ఏలిన రెడ్డిరాజుల పేర్లు చూడండి. రాజ్యం స్థాపించినవాడు ప్రోలయ వేమారెడ్డి, తర్వాత అనవేమారెడ్డి, ఇంకొంత కాలానికి పెదకోమటి వేమారెడ్డి, ఆఖరున రాచ వేమారెడ్డి. ఒక శాసనంలో ఒట్టి వేమారెడ్డి అని ఉంటే ఏ వేముడో పేరు చెప్పదు. శక సంవత్సరం, తండ్రి పేరు, రాజధాని ఏది అన్నవి చూసి తేలుస్తారు. స్థాపకుడి రాజధాని అద్దంకి, కొండవీటికి మార్చింది అనవోతారెడ్డి, కాబట్టి చోటు కూడా ఒక ఆధారమే.

అదే పద్ధతి మ్యాప్ మీది వాక్యానికి పెట్టి చూద్దాం. పేరు థ్రాయిన్, ఇద్దరున్నారు. చోటు ఎరెబోర్, రెండో థ్రాయిన్ అక్కడ పుట్టి పెరిగినా రాజు కాలేదు. కాలం "పూర్వం", మ్యాప్ గీసింది థ్రోర్ కాబట్టి థ్రోర్‌కి ముందువాడై ఉండాలి. మూడూ సరిపోయేది మొదటి థ్రాయిన్‌కే. అంటే 1955 తర్వాత పుస్తకం చదువుతున్న మనకి మ్యాపూ తప్పు కాదు, కథా తప్పు కాదు.

ఇది అతుకా, చరిత్రా?

దీని మీద పాఠకుల్లో రెండు అభిప్రాయాలున్నాయి, రెండింటిలోనూ బలం ఉంది.

ఒక వర్గం ఇది అతుకే అంటుంది. మొదటి థ్రాయిన్ ఒక్క సన్నివేశంలో కూడా కనిపించడు, ఒక్క మాట కూడా మాట్లాడడు, ఆయన కోపం, ఇష్టం ఏవీ మనకి తెలియవు. అచ్చులో దొర్లిన పొరపాటుని సర్దడానికి తెచ్చిన పేరు అది, అంతకుమించి లేదు అంటారు. 1937కీ 1951కీ మధ్య 14 ఏళ్ళ తేడా ఉంది కాబట్టి ఈ వాదనని కొట్టిపారెయ్యలేం.

రెండో వర్గం చెప్పేది, టోల్కీన్ పని చేసే తీరే అది. తన పాత పుస్తకాన్ని ఆయన ఎక్కడో దొరికిన పాత పత్రంలా చూస్తాడు. పత్రంలో ఉన్నది చెరపకూడదు, అది ఎందుకు అలా ఉందో వెతకాలి. ఇదే 1951 ముందుమాటలో ఇంకో సంగతి కూడా ఉంది. గొల్లుమ్ అనే గుహజీవి దగ్గరున్న మాయా ఉంగరం కథానాయకుడు బిల్బోకి ఎలా దక్కిందన్న అధ్యాయాన్ని ఆ ఎడిషన్‌లో మార్చారు, పాత కథ బిల్బో మొదట్లో చెప్పుకున్న కథ, ఇప్పుడిచ్చింది జరిగిన కథ అని అక్కడ వివరించారు. రెండు చిక్కులూ ఒకేచోట, ఒకే పద్ధతిలో విప్పాడు. అది గాభరాగా వేసిన అతుకులా కనిపించదు.

నాకైతే ఆయన్ని కేవలం అతుకు అనడానికి మనసొప్పదు. 1937 పుస్తకంలో మూడు విడివిడి ముక్కలున్నాయి. మ్యాప్ మీద పూర్వం థ్రాయిన్ రాజు. తాతల కాలంలో కొందరు మరుగుజ్జులు దూరపు ఉత్తరం నుంచి తరమబడి ఈ కొండకి వచ్చారని థోరిన్ చెప్పే మాట. థ్రోర్ మోరియాలో హత్యకి గురయ్యాడన్న సంగతి. ఈ మూడింటికీ ఒకదానితో ఒకదానికి సంబంధం ఉన్నట్టే ఉండదు. మొదటి థ్రాయిన్ వచ్చాక మోరియా నుంచి ఎరెబోర్, ఎరెబోర్ నుంచి ఉత్తరం, ఉత్తరం నుంచి మళ్ళీ ఎరెబోర్ అని ఒకే దారిలో కూర్చున్నాయి. థ్రోర్ ముసలితనంలో మోరియాకి ఎందుకు పోయాడో కూడా అప్పుడే అర్థమవుతుంది, అది వాళ్ళ తాతముత్తాతల ఇల్లు.

మోరియా నుంచి ఎరెబోర్ దాకా: ఆయన జీవితం

మొదటి థ్రాయిన్ మూ.యు. 1934లో పుట్టాడు. తాత ఆరో డూరిన్ మోరియాకి రాజు, తండ్రి మొదటి నాయిన్. మరుగుజ్జులు మిత్రిల్ అనే లోహం కోసం కొండ అడుక్కి తవ్వుతూ పోయి, పాత యుగాల నుంచి అక్కడ దాక్కుని ఉన్న బాల్‌రాగ్ అనే అగ్నిభూతాన్ని కదిపారు. మూ.యు. 1980లో అది ఆరో డూరిన్‌ని చంపింది, అప్పటికి ఆయన వయసు 249. మరుసటి ఏడాది మొదటి నాయిన్ కూడా పోయాడు.

అప్పుడు థ్రాయిన్ వయసు 47. మరుగుజ్జుల లెక్కలో ఇంకా కుర్రవాడే. ఏడాది తిరగకుండా తాతా తండ్రీ ఇద్దరూ పోయారు, వేల ఏళ్ళ నాటి ఇల్లు పోయింది, తలమీద రాజు అన్న హోదా పడింది, ఏలడానికి రాజ్యం లేదు. పైన చెప్పిన రెండు పదవుల తేడా ఇక్కడ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తుంది: మూ.యు. 1981 నుంచి ఆయన డూరిన్ ప్రజల రాజు, కొండ కింది రాజు అయ్యింది మూ.యు. 1999లో. మధ్యలో 18 ఏళ్ళు. బతికి బయటపడ్డవాళ్ళలో ఎక్కువమంది ఉత్తర దిక్కుకి పోయారని అనుబంధం చెప్తుంది, థ్రాయిన్ మాత్రం మిర్క్‌వుడ్ అడవికి తూర్పున ఉన్న ఎరెబోర్‌కి వచ్చి కొత్తగా తవ్వకాలు మొదలుపెట్టాడు.

అంటే తన జనంలో పెద్ద భాగం ఒకవైపు, తను ఇంకోవైపు. ఎందుకలా అన్నది ఎక్కడా రాయలేదు. కానీ ఆయన ఎంచుకున్న కొండ ఎలాంటిదో తర్వాతి కథ చూపిస్తుంది. ఆ కొండలోనే ఆయనకి ఆర్కెన్‌స్టోన్ అనే మహారత్నం దొరికింది, దాన్నే కొండ గుండె అంటారు.

మూ.యు. 2035లో కొడుకు మొదటి థోరిన్ పుట్టాడు, ఎరెబోర్ స్థాపించిన 36 ఏళ్ళకి. మొదటి థ్రాయిన్ మూ.యు. 2190లో కన్నుమూశాడు. 256 ఏళ్ళ జీవితం, అందులో కొండ కింది రాజుగా 191 ఏళ్ళు. తాతా తండ్రీ బాల్‌రాగ్ చేతిలో పోయారు, ఈయన చావు గురించి మాత్రం అలాంటి మాటేదీ లేదు, వంశవృక్షంలో హతుడైనట్టు గుర్తు కూడా లేదు. పాఠకులు ఆయన్ని మర్చిపోవడానికి అది కూడా ఒక కారణమేమో అనిపిస్తుంది, యుద్ధంలో పోయిన రాజుల కథలే పైకి వస్తాయి కదా.

డూరిన్ వంశపు ఉంగరం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మరుగుజ్జుల రాజులకి దక్కిన ఏడు మహిమగల ఉంగరాల్లో ఒకటి ఈ వంశానిది, దాన్ని మూడో డూరిన్‌కి ఎల్ఫ్ కమ్మరులే స్వయంగా ఇచ్చారని వాళ్ళ నమ్మకం. అది తర్వాత థ్రోర్ చేతిలో, ఆయన నుంచి రెండో థ్రాయిన్ చేతిలో కనిపిస్తుంది. మొదటి థ్రాయిన్ వేలికి ఉందని ఏ వాక్యమూ చెప్పదు, కానీ మోరియాలో మొదలై థ్రోర్ దాకా వారసత్వంగా వచ్చిందంటే మధ్యలో ఈయన చేతుల మీదుగానే రావాలి.

కట్టిన ఇంటిని కొడుకు ఎందుకు వదిలాడు?

మొదటి థోరిన్ రాజైన 20 ఏళ్ళకి, మూ.యు. 2210లో, ఎరెబోర్ వదిలి ఉత్తరాన ఉన్న గ్రే పర్వతాలకి వెళ్ళిపోయాడు. ఇది తప్పు నిర్ణయమని కొందరు గట్టిగా అంటారు, ఎందుకంటే ఆ పర్వతాల అవతల బీడుల్లో డ్రాగన్లు ఉన్నాయి, అవి తర్వాత బలపడి వాళ్ళ మీదే పడ్డాయి. మూ.యు. 2589లో మొదటి డాయిన్‌నీ, ఆయన రెండో కొడుకు ఫ్రోర్‌నీ ఒక పెద్ద డ్రాగన్ వాళ్ళ సభామందిరం గుమ్మం దగ్గరే చంపింది.

ఇంకోవైపు నుంచి చూస్తే, డూరిన్ ప్రజల్లో ఎక్కువమంది అప్పటికే అక్కడ చేరుతున్నారు, ఆ పర్వతాల్లో సంపద ఉంది, ఇంకా ఎవరూ పెద్దగా తవ్వలేదు. జనం ఒకచోట, రాజు ఒకచోట ఎన్నాళ్ళుంటారు? డ్రాగన్లు మళ్ళీ బలపడింది కూడా మూ.యు. 2570 ప్రాంతంలో, అంటే థోరిన్ వెళ్ళిన 360 ఏళ్ళకి. అంత దూరం ముందే చూసి ఉండాల్సిందని ఒక రాజుని నిందించడం నాకు న్యాయంగా అనిపించదు.

దీనివల్ల కొండ కింది సింహాసనం మూ.యు. 2210 నుంచి 2590 దాకా 380 ఏళ్ళు ఖాళీగా ఉంది. ఆ మధ్యలో గ్లోయిన్, ఓయిన్, రెండో నాయిన్, మొదటి డాయిన్ డూరిన్ ప్రజలకి రాజులే, కొండ కింది రాజులు మాత్రం కారు. డాయిన్ పోయాక పెద్ద కొడుకు థ్రోర్ ఎరెబోర్‌కి తిరిగొచ్చాడు, ఆర్కెన్‌స్టోన్‌ని వెనక్కి తెచ్చి థ్రాయిన్ మహామందిరంలో పెట్టాడు. అనుబంధంలో ఆ మందిరం పేరు అదే. ఆరు తరాలు గడిచినా, నాలుగు వందల ఏళ్ళ దగ్గర ఖాళీగా ఉన్నా ఆ హాలు కట్టినవాడి పేరుతోనే ఉంది. థ్రోర్ మ్యాప్ మీద ఆ పేరు రాయడంలో ఆశ్చర్యమేముంది!

ఆర్కెన్‌స్టోన్ ఎవరిది: పుస్తకం, సినిమా

2012లో వచ్చిన హాబిట్ మొదటి సినిమా చూసినవాళ్ళు ఆర్కెన్‌స్టోన్ థ్రోర్ కాలంలో దొరికిందనుకుంటారు. సినిమా మొదట్లో అలాగే చూపించారు, ఆ రాయి దొరకడాన్ని థ్రోర్ తన రాజ్యాధికారానికి దైవ సంకేతంగా తీసుకున్నట్టు. రెండున్నర గంటల పైన నడిచే సినిమాలో ఇంకో థ్రాయిన్‌ని తెచ్చి వివరించడం కష్టం, అందుకని కుదించి ఉంటారు. 1955 అనుబంధం ప్రకారం మాత్రం అది మొదటి థ్రాయిన్‌కి దొరికింది.

పుస్తకంలోనే ఇంకో ముడి ఉంది. ఒకచోట థ్రాయిన్ ఆర్కెన్‌స్టోన్ అని ఉంటుంది, ఇంకోచోట థోరిన్ దాన్ని నా తండ్రి ఆర్కెన్‌స్టోన్ అంటాడు. 1937 నాటి పాఠంలో ఇద్దరు థ్రాయిన్‌లు లేరు కాబట్టి అప్పటి పాఠకుడికి రెండూ ఒకరే. ఇప్పటి పాఠకుడు రెండు రకాలుగా చదవచ్చు. పేరు చెప్పినచోట కనుక్కున్న పూర్వీకుడు, తండ్రి అన్నచోట వారసత్వం, తాత తర్వాత హక్కు తండ్రిదే కాబట్టి. లేదా రెండూ పాత వరస తాలూకు గుర్తులని సరిపెట్టుకోవచ్చు. మొదటిది కథ లోపలి జవాబు, రెండోది పుస్తకం రాసిన చరిత్ర వైపు నుంచి జవాబు. ఒకటి నిజమైతే ఇంకోటి అబద్ధం కానక్కర్లేదు.

వంశవృక్షాన్ని వేలు పెట్టి చదివితే

కాగితం మీద పైన మొదటి థ్రాయిన్ అని రాసుకోండి, పక్కన పుట్టిన సంవత్సరం మూ.యు. 1934. కిందకి మొదటి థోరిన్ 2035, గ్లోయిన్ 2136, ఓయిన్ 2238, రెండో నాయిన్ 2338, మొదటి డాయిన్ 2440, థ్రోర్ 2542, రెండో థ్రాయిన్ 2644, రెండో థోరిన్ 2746. ఈ రెండో థోరినే మనకి బాగా తెలిసిన థోరిన్ ఓకెన్‌షీల్డ్. తరానికి తరానికి తేడా ప్రతిసారీ 100 నుంచి 102 ఏళ్ళే, వందేళ్ళ దగ్గర తండ్రులయ్యే జాతి ఇది. మొదటి థ్రాయిన్ నుంచి ఓకెన్‌షీల్డ్ దాకా ఎనిమిది మెట్లు.

ఇప్పుడు కొమ్మలు. రెండో నాయిన్‌కి చిన్న కొడుకు బోరిన్. బోరిన్ కొడుకు ఫారిన్, ఫారిన్‌కి ఫుండిన్, గ్రోయిన్ అని ఇద్దరు. ఫుండిన్ కొడుకులు బాలిన్, ద్వాలిన్. గ్రోయిన్ కొడుకులు ఓయిన్, గ్లోయిన్ (తాతముత్తాతల పేర్లే మళ్ళీ), ఆ గ్లోయిన్ కొడుకే గిమ్లీ. లార్డ్ ఆఫ్ ది రింగ్స్ సినిమాల్లో గొడ్డలి పట్టుకుని ఎల్ఫ్ వీరుడు లెగొలాస్‌తో పోటీపడే గిమ్లీ ఉన్నాడే, ఆయన కూడా మొదటి థ్రాయిన్ వారసుడే.

ఇంకో కొమ్మ మొదటి డాయిన్ చిన్న కొడుకు గ్రోర్‌ది. అన్న థ్రోర్ ఎరెబోర్‌కి తిరిగొస్తే గ్రోర్ తన జనంతో ఐరన్ హిల్స్‌కి వెళ్ళాడు. గ్రోర్ కొడుకు నాయిన్, మనవడు డాయిన్ ఐరన్‌ఫుట్. ఈ డాయినే ఓకెన్‌షీల్డ్ పోయాక మూ.యు. 2941లో కొండ కింది రాజయ్యాడు, మూ.యు. 3019లో ఎరెబోర్ పక్కనే ఉన్న మనుషుల నగరం డేల్ యుద్ధంలో, మిత్రుడైన ఆ నగరపు రాజు బ్రాండ్ శవం దగ్గర నిలబడి పోరాడుతూ చనిపోయాడు. తర్వాత కొడుకు మూడో థోరిన్ స్టోన్‌హెల్మ్.

హాబిట్‌లో బయల్దేరిన 13 మంది మరుగుజ్జుల్లో ఏడుగురు ఈ చెట్టు మీదే కనిపిస్తారు: థోరిన్, ఫీలీ, కీలీ, బాలిన్, ద్వాలిన్, ఓయిన్, గ్లోయిన్. ఏడుగురూ మొదటి థ్రాయిన్ నుంచి వచ్చినవాళ్ళే.

మేనల్లుళ్ళకి రాజ్యం వచ్చేదా?

మా వాడు రెండో ప్రశ్న ఇది వేశాడు, వేస్తాడని అనుకున్నాను. ఫీలీ, కీలీ ఓకెన్‌షీల్డ్‌కి మేనల్లుళ్ళు, చెల్లెలు డీస్ కొడుకులు. మొత్తం వంశవృక్షంలో పేరున్న ఒకే ఒక్క ఆడమనిషి డీస్. ఆ అన్నదమ్ములిద్దరూ హాబిట్ చివర్లో వచ్చే అయిదు సైన్యాల యుద్ధంలో మేనమామని కాపాడుతూ చనిపోయారు. బతికి ఉంటే పెద్దవాడు ఫీలీ రాజయ్యేవాడా?

ఒక వాదం కాడంటుంది. మొదటి థ్రాయిన్ నుంచి కిందకి ప్రతి మెట్టూ తండ్రి నుంచి కొడుక్కే, ఆడపిల్ల వైపు నుంచి రాజ్యం పోయిన ఉదాహరణ ఒక్కటీ లేదు. పైగా అనుబంధం డాయిన్ ఐరన్‌ఫుట్‌ని న్యాయమైన వారసుడు అంటుంది. ఇంకో వాదం ఏమంటుందంటే, ఆ మాట అన్నది అన్నదమ్ములిద్దరూ పోయాక మిగిలిన పరిస్థితి గురించి, వాళ్ళు ఉండగా ఏమిటన్నది దానివల్ల తేలదు. ఓకెన్‌షీల్డ్‌కి పెళ్ళి లేదు, పిల్లల్లేరు, దగ్గర రక్తం మేనల్లుళ్ళే, వంశవృక్షంలో ఆడవాళ్ళెవరినీ వెయ్యకుండా డీస్‌ని మాత్రం వేశారంటే ఆ కొడుకుల స్థానం మామూలుది కాదని వీళ్ళ లెక్క. నాకు మొదటి వాదమే కాస్త బరువుగా కనిపిస్తుంది, అయితే అది ఉన్న ఉదాహరణలన్నీ ఒకవైపే ఉన్నందుకు, నియమం రాసి ఉన్నందుకు కాదు.

ఏడో డూరిన్: చెట్టు చివర

మూలపురుషుడు డూరిన్‌లాగే అచ్చుగుద్దినట్టు పుట్టిన వారసుడికి డూరిన్ అని పేరు పెట్టడం ఈ వంశపు ఆచారం, ఆయనే మళ్ళీ పుట్టాడని వాళ్ళ నమ్మకం. అలా మోరియా పోయేనాటికి ఆరుగురయ్యారు. 1955 వంశవృక్షంలో మూడో థోరిన్ స్టోన్‌హెల్మ్ తర్వాత ఏడో డూరిన్, చివరివాడు అని ఒక పేరు ఉంది, అంతకుమించి వివరం లేదు.

1996లో వచ్చిన ది పీపుల్స్ ఆఫ్ మిడిల్-ఎర్త్ అనే సంపుటంలో టోల్కీన్ చిత్తుప్రతులు అచ్చయ్యాయి. వాటిలో ఒకచోట ఈ ఏడో డూరిన్ తన ప్రజలని ఖజాద్-దూమ్‌కి తిరిగి తీసుకెళ్తాడని ఉంది. ఇది అనుబంధంలోకి ఎక్కని ప్రతి, కాబట్టి 1955 పుస్తకంతో సమానమైన ఆధారంగా దీన్ని అందరూ తీసుకోరు. తీసుకుంటే మాత్రం, మూ.యు. 1981లో 47 ఏళ్ళ థ్రాయిన్ వెంట మోరియా దాటి వెళ్ళిన రాచకుటుంబం, గ్రే పర్వతాలూ ఐరన్ హిల్స్ చుట్టి వచ్చిన గ్రోర్ కొమ్మ మీదుగా, మళ్ళీ అక్కడికే చేరిందని అర్థం.